ఫాయిల్ చుట్టిన బాటిల్

సోడియం నైట్రోప్రస్సైడ్‌ను నేను మొదట చూసింది ఐసీయూలో కాదు, ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం బయోకెమిస్ట్రీ ల్యాబులో. మూత్రంలో కీటోన్లను పట్టే రోథెరా పరీక్షలో, అమ్మోనియం సల్ఫేటు కలిపిన మూత్రంలో ఈ ఎర్రని పలుకు ఒకటి వేసి, పరీక్షనాళిక గోడ వెంట అమ్మోనియాను మెల్లగా జారిస్తే, రెండు ద్రవాలు కలిసేచోట ఊదారంగు వలయం ఏర్పడుతుంది. ఆ పలుకే రక్తపోటుకు మందు కూడా అని ఆనాడు ఎవరైనా చెప్పి ఉన్నా, మా ధ్యాసంతా రికార్డు మీద పడవలసిన సంతకం మీదే ఉండేది.

కొన్నేళ్ల తర్వాత ఒక రాత్రి, 240/140 బీపీతో, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకుంటే గాలి ఆడని ఒక పెద్దాయనకు దాన్ని ఎక్కించవలసి వచ్చింది. 50 మిల్లీగ్రాముల మందును 250 మి.లీ. డెక్స్‌ట్రోజులో కలిపి, వెలుతురు తగిలితే చెడిపోతుంది కనుక బాటిల్‌కు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, పంపును గంటకు 9 మి.లీ. దగ్గర పెట్టాము, 60 కిలోల మనిషికి అది నిమిషానికి కిలోకు అర మైక్రోగ్రాము. మణికట్టు ధమనిలో పెట్టిన గొట్టం ప్రతి గుండెచప్పుడుకూ పోటు ఎంతో తెరపై చూపుతూంటే, ఒకటి రెండు నిమిషాల్లోనే అంకెలు దిగసాగాయి.

ఈ మందు అణువులో ఒక ఇనుము పరమాణువు చుట్టూ ఐదు సయనైడ్లు, ఒక నైట్రిక్ ఆక్సైడ్ ఉంటాయి. రక్తంలో విడుదలయ్యే ఆ నైట్రిక్ ఆక్సైడే ధమనుల, సిరల గోడల్లోని కండరాన్ని సడలిస్తుంది. కానీ నా దృష్టిలో దీని అసలు గుణం వేగంగా పనిచేయడం కన్నా వేగంగా వెళ్లిపోవడం: పంపు ఆపిన కొద్ది నిమిషాలకే ప్రభావం పోతుంది. ఒకప్పుడు నిఫెడిపిన్ అనే మరో బీపీ మందు క్యాప్సూల్‌కు సూదితో చిల్లు పొడిచి నాలుక కింద పిండేవారు. అదీ త్వరగానే దించేది గాని, అతిగా దించితే ఆపడానికి మన చేతిలో ఏమీ ఉండేది కాదు, మెదడుకో గుండెకో రక్తం అందక కొందరు దెబ్బతిన్నారు. “ఒక్కసారిగా నార్మల్ చేసేయండి డాక్టరుగారూ” అని ఆ పెద్దాయన కొడుకు కూడా అడిగాడు. మహాధమని చీలిక వంటి కొన్ని స్థితుల్లో తప్ప, మొదటి గంటలో సగటు పోటును నాలుగో వంతుకు మించి దించకూడదని అతనికి వివరించడానికే ఎక్కువ సమయం పట్టింది.

మిగిలిన ఐదు సయనైడ్ల లెక్క మరవకూడదు. కాలేయం థయోసల్ఫేట్ సాయంతో వాటిని థయోసయనేట్‌గా మారిస్తే మూత్రపిండాలు బయటికి పంపుతాయి, కానీ నిమిషానికి కిలోకు 2 మైక్రోగ్రాములు దాటితే శరీరం వదిలించుకునే దాని కన్నా పుట్టే సయనైడే ఎక్కువవుతుంది. గరిష్ఠ మోతాదైన నిమిషానికి కిలోకు 10 మైక్రోగ్రాములను పది నిమిషాలకు మించి ఇవ్వరాదు. మందు పనిచేయడం లేదని మోతాదు పెంచబోయే ముందు, సయనైడ్ పేరుకుని రక్తంలో ఆమ్లత్వం పెరిగిందేమో చూడటం నాకు అలవాటైంది.

మర్నాటికి మాత్రలు పనిచేయడం మొదలయ్యాక పంపు ఆపాము. నర్సు ఫాయిల్ విప్పితే, అడుగున మిగిలిన ద్రావణం చెడిపోయి నీలం తిరగకుండా లేత గోధుమ రంగులోనే ఉంది.