ముందు జల్లెడ, తర్వాత కోర్సు: మొదటి ఐటీ ఉద్యోగం వెతికేవాళ్లకు

బీటెక్ అయిపోయి కాలేజీలో ప్లేస్‌మెంట్ రాకపోతే మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఇళ్లల్లో జరిగేది ఒకటే. ఎవరో చుట్టం "అమీర్‌పేటల ఫలానా కోర్సు చేయించుండ్రి" అంటాడు. నాన్న పత్తి పైసల్లోంచో, చిట్టీ ఎత్తో ముప్పై నలభై వేలు సర్దుతాడు. పిల్లగాడు మైత్రీవనం వెనక సందుల్లో హాస్టల్‌లో చేరతాడు. మూడు నెలలకు చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది, ఫోన్ మాత్రం మోగదు.

కోర్సు పనికిరాదని అనడం లేదు. కానీ చాలామంది ఆగిపోయేది కోడింగ్ దగ్గర కాదు, అంతకంటే ముందు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే దాదాపు 12 వేల మందిని తగ్గించుకుంటానని ప్రకటించింది. అనుభవం ఉన్నవాళ్లే మళ్లీ రెజ్యూమె పట్టుకుని తిరిగే రోజుల్లో ఫ్రెషర్ల నోటిఫికేషన్ ఒకటి పడితే వచ్చే అప్లికేషన్లను మనుషులు కూర్చుని చదవరు. జల్లెడ పడతారు. ఊపు ఉన్న రోజుల్లో చూసీ చూడనట్టు వదిలేసే లోపాలు కూడా ఇప్పుడు ఆ జల్లెడలోనే చిక్కుకుంటాయి.

మొదటి జల్లెడ 60 శాతం. పది, ఇంటర్, డిగ్రీ మూడింట్లోనూ అడిగే కంపెనీలు ఎక్కువ. నల్లగొండ, పాలమూరు ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలావరకు జేఎన్‌టీయూహెచ్ కిందివే. అక్కడ సీజీపీఏని శాతంలోకి మార్చాలంటే అందులోంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. 6.5 ఉంటే సరిగ్గా 60 శాతం, 6.4 ఉంటే 59. ఇది తెలియక 6.4ని నేరుగా పదితో గుణించి 64 అని ఫారంలో నింపేస్తారు. పరీక్ష రాస్తారు, ఇంటర్వ్యూ కూడా దాటుతారు, సర్టిఫికెట్ల తనిఖీలో పోతుంది. మహాత్మా గాంధీ, పాలమూరు యూనివర్సిటీల డిగ్రీవాళ్లు తమ యూనివర్సిటీ చెప్పిన లెక్కనే వాడాలి. స్నేహితుడి లెక్క మనకు పనికిరాదు. నిజంగానే 59 ఉన్నవాళ్లు 60 అడిగే చోట టైం పోగొట్టుకోవద్దు. మార్కుల ప్రసక్తి లేని చిన్న కంపెనీలు, టెస్ట్ స్కోరు మీద పిలిచేవి వేరుగా ఉంటాయి.

రెండోది పాసైన సంవత్సరం. ఆఫ్ క్యాంపస్ డ్రైవ్‌లలో ఎక్కువభాగం ఆ ఏడాది, దాని ముందటి ఏడాది బ్యాచ్‌లకే. అంటే ఫ్రెషర్ అన్న హోదాకి గడువు తేదీ ఉంది. బ్యాక్‌లాగ్ ఒక్కటి మిగిలినా ‘యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు’ అన్న గీత దాటలేరు. సప్లీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు వేరే పనులన్నీ పక్కన పెట్టి ముందు అది తేల్చుకోవాలి.

మూడోది పేరు. వినడానికి చిన్న విషయం, సతాయించేది మాత్రం ఇదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, పేరుకు ముందు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే ఉంటుంది. పాన్‌లో ఇంటిపేరు వెనక్కి పోతుంది. ఉద్యోగం వచ్చాక పీఎఫ్ కోసం తెరిచే యూఏఎన్ ఆధార్ వివరాలతోనే ముడిపడుతుంది కాబట్టి, తేడా ఉంటే జాయినింగ్ రోజునే గొడవ. పదో తరగతి మెమోని ఆధారంగా పెట్టుకోండి, దాన్ని మార్చే ప్రయత్నం చేయకండి. మెమో చూపించి ముందు ఆధార్ సరిచేయించాలి, ఆ తర్వాత పాన్, చివర బ్యాంకు ఖాతా. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే సెంటర్‌లో ఆపరేటర్ టైపు చేసిన స్పెల్లింగ్‌ను రసీదు మీద అక్షరం అక్షరం చూసుకుని లేవాలి.

కాగితాల సంగతి ఎత్తితే ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి చెప్పక తప్పదు. ప్రభుత్వం నుంచి బకాయి రాలేదని ఒరిజినల్స్ ఆపేసే కాలేజీలు మన జిల్లాల్లో ఉన్నాయన్నది అందరికీ తెలిసిందే. ఆఫర్ వచ్చాక కాలేజీ చుట్టూ తిరిగితే టైం చాలదు. ఫలితాలు వచ్చిన నెలలోనే ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మెమో కోసం దరఖాస్తు పెట్టండి. ఎంత బాకీ ఉందంటున్నారో కాగితం మీద రాయించుకోండి. సెమిస్టర్ మెమోలన్నీ రంగుల్లో స్కాన్ చేసి, వరస క్రమంలో ఒకే పీడీఎఫ్‌గా పెట్టుకోండి. జాయినింగ్ నాటికి ఒరిజినల్ అందదనిపిస్తే కాలేజీ లెటర్ జతచేసి ముందుగానే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి గడువు అడగాలి. ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడి చెప్తే వినేవాళ్లు తక్కువ.

రెజ్యూమె ఒక్క పేజీ. రెండు నిలువు వరసలుగా, రంగురంగుల పట్టీలతో చేసిన టెంప్లేట్లను కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి తప్పుగా చదువుతుంది, కుడి వైపు స్కిల్స్ ఎడమ వైపు చదువులో కలిసిపోతాయి. పీడీఎఫ్ తెరిచి మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ వరస సరిగ్గా వస్తే యంత్రానికీ సరిగ్గానే కనిపిస్తుంది. ఫొటో, తండ్రి పేరు, మతం, పెళ్లి, చివర్లో సంతకంతో డిక్లరేషన్, ఇవన్నీ తీసేయొచ్చు. ఆ ఖాళీలో ప్రాజెక్టు గురించి నాలుగు లైన్లు పడతాయి.

అసలు బలహీనత ప్రాజెక్టు దగ్గరే. దిల్‌సుఖ్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో కొన్న ‘ఫేక్ న్యూస్ డిటెక్షన్’, ‘క్రెడిట్ కార్డ్ ఫ్రాడ్’ ఒకే క్లాసులో పదిమంది రెజ్యూమెల్లో ఉంటాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు వాటి పేరు చూడగానే సంగతి అర్థమైపోతుంది. ఇప్పుడు కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్స్ కూడా వచ్చాయి కాబట్టి ‘చేశావా’ అని ఎవరూ అడగరు, ‘ఎందుకు ఇలా చేశావు’ అని అడుగుతారు. దానికి జవాబు రావాలంటే మీకు తెలిసిన లెక్క తీసుకోవాలి. ఊర్లో పాల సేకరణ కేంద్రం ఉంటుంది కదా, అది చాలు. పొద్దున, సాయంత్రం రైతు పోసిన లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలల్లో కొవ్వు కాని ఘనపదార్థం), వాటిని బట్టి రేటు, కొన్ని రోజులకోసారి బిల్లు. నాలుగు టేబుళ్లు: రైతులు, పాల ఎంట్రీలు, రేటు చార్టు, బిల్లులు.

చూడటానికి తేలిక, లోపలికి పోతే అన్నీ చిక్కులే. బిల్లు గడువు మధ్యలో రేటు మారితే? రేటు టేబుల్‌లో ఒకే ధర ఉంచి దాన్నే మార్చేస్తే పాత ఎంట్రీల లెక్క కూడా మారిపోతుంది. అందుకని ప్రతి రేటుకీ ‘ఏ తేదీ నుంచి’ అన్న కాలమ్ ఉండాలి. ఒకే రైతు పేరు మీద ఒకే పూట రెండుసార్లు ఎంట్రీ పడితే? రైతు, తేదీ, పూట మూడూ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్, అంటే అదే కలయిక రెండోసారి పడకుండా ఆపే నిబంధన, పెట్టాలి. అయితే నిజంగానే రెండు క్యాన్లు తెచ్చినవాళ్ల సంగతేంటి, అది కలిపి ఒకే ఎంట్రీగా మార్చాలా అన్నది మీరు తేల్చుకోవాలి. డబ్బును దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్‌లో ఉంచితే కూడినప్పుడు పైసలు తేడా వస్తాయి, డెసిమల్ వాడాలి లేదా పైసల్లో పూర్ణాంకంగా దాచాలి. కరెంటు పోయి సగంలో ఆగిన బిల్లు ఏమవ్వాలి? పనంతా పూర్తవ్వాలి, లేదా అసలేం జరగనట్టే ఉండాలి: ట్రాన్సాక్షన్ అంటే ఇదేనని అక్కడ పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. ఇదంతా జావా స్ప్రింగ్ బూట్‌తోనైనా, పైథాన్‌తోనైనా చేయొచ్చు, ఏదో ఒకటి పట్టుకోండి. గిట్‌హబ్‌లో రోజువారీ కమిట్లతో పెట్టండి. చివరి రోజు మొత్తం ఒకేసారి ఎక్కించిన కోడ్ కొన్నదానిలాగే కనిపిస్తుంది. దీనికి తోడు ఎస్‌క్యూఎల్‌లో జాయిన్, గ్రూప్ బై తడుముకోకుండా రాయగలిగితే, అర్రేలు, స్ట్రింగులు, హ్యాష్ మ్యాప్ లెక్కలు ఓ వంద చేసి ఉంటే సర్వీస్ కంపెనీల మొదటి రౌండ్లకు సరిపోతుంది.

ఆన్‌లైన్ టెస్ట్ ఇంట్లో రాసేవాళ్లకు ఒక మాట. ఈ టెస్టుల్లో చాలావాటిలో కెమెరా, మైకు ఆన్‌లోనే ఉంటాయి, వేరే విండోలోకి పోతే నమోదవుతుంది. పక్క గదిలో టీవీ మోగినా, వెనక తమ్ముడు నడిచినా హెచ్చరిక పడొచ్చు. వాట్సాప్ వెబ్, అప్‌డేట్ నోటిఫికేషన్లు ముందే ఆపేయాలి. ఊర్లో కరెంటు నమ్మకం లేకపోతే డెస్క్‌టాప్ మీద కూర్చోవద్దు, బ్యాటరీ నిలిచే ల్యాప్‌టాప్ కావాలి, వైఫైకి తోడు వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉండాలి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో పాత బిజినెస్ ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నది చాలు. కొనేముందు కెమెరా తెరిచి, ఛార్జర్ పీకి అరగంట నడిపించి చూడండి.

వాక్ ఇన్‌లకు నల్లగొండ నుంచి పోయేవాళ్లు ఎంజీబీఎస్ దాకా పోనక్కర్లేదు. ఎల్‌బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే రాయదుర్గం. పాలమూరు బస్సువాళ్లు ఆరాంఘర్ దగ్గర దిగి మెహిదీపట్నం మీదుగా గచ్చిబౌలి పట్టుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ డెవలపర్ అన్న ఒక్క తలుపునే తడుతూ కూర్చుంటే ఏడాది తిరిగిపోతుంది. ఎల్1 సపోర్ట్ (సమస్య వస్తే మొదట అందుకునే పని), సర్వీస్ డెస్క్, మాన్యువల్ టెస్టింగ్ చిన్నచూపు చూడాల్సిన పనులు కావు. రాత్రి షిఫ్టులు ఉంటాయి, నిజమే. కానీ లైనక్స్, లాగ్స్, టికెట్లు, కస్టమర్‌తో ఇంగ్లిష్ అన్నీ అక్కడ అలవాటవుతాయి. బీఎస్సీ, బీసీఏ వాళ్లను తీసుకుని ఉద్యోగంతోపాటు ఎంటెక్ చదివించే విప్రో విల్ప్ లాంటివి ఉన్నాయి. కేంద్రం నడిపే ఎన్ఏటీఎస్ పోర్టల్‌లో అప్రెంటిస్‌గా నమోదు చేసుకోవచ్చు. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్‌కి నెలకు కనీసం 9 వేలుగా పెట్టారు, అందులో సగం ప్రభుత్వం భరించేది. తక్కువే, అయినా సర్టిఫికెట్ నిజమైనది. 2023లో తెరిచిన పాలమూరు దగ్గరి దివిటిపల్లి, నల్లగొండ ఐటీ టవర్ల మీద భారీ ఆశలు పెట్టుకోలేం గానీ, అక్కడ చిన్న కంపెనీ పిలిస్తే హాస్టల్ ఖర్చు లేకుండా మొదటి ఏడాది గడుస్తుంది. చేరేముందు నాలుగు సంగతులు అడగండి: పీఎఫ్ కడతారా, పేస్లిప్ ఇస్తారా, జీతం బ్యాంకులో పడుతుందా, బాండ్ ఉందా. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే లేచి వచ్చేయండి.

ఇక ‘బ్యాక్‌డోర్’, అంటే పైసలిచ్చి దొడ్డిదారిన ఉద్యోగం. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఛార్జీ, పేరు ఏదైనా ఉద్యోగం ఇచ్చేవాడు పైసలు అడిగితే అది ఉద్యోగం కాదు. ఆఫర్ లెటర్ కంపెనీ సొంత డొమైన్ నుంచి రాకుండా జీమెయిల్ నుంచి వస్తే కంపెనీ వెబ్‌సైట్‌లోని కెరీర్స్ పేజీ ద్వారా అడిగి తేల్చుకోండి. అంతకంటే ప్రమాదం రెండు మూడేళ్ల దొంగ అనుభవం. పేస్లిప్ కాగితం ఎవరైనా ముద్రించి ఇస్తారు. కానీ యూఏఎన్‌లో నెలనెలా పీఎఫ్ పడిన చరిత్ర ఉండదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం కనబడదు, జీతంలో కోసిన పన్ను చూపే 26ఏఎస్ ఖాళీగా ఉంటుంది. వెరిఫికేషన్ ఏజెన్సీలు చూసేది వీటినే. ఒక్కోసారి చేరిన ఆరు నెలలకు బయటపడుతుంది. అప్పటికి ఫ్రెషర్ డ్రైవ్‌ల బ్యాచ్ ఏడాది దాటిపోయి ఉంటుంది, ఇటు అనుభవమూ లేదు. రెండు పడవలూ పోయినట్టే.

అప్లికేషన్ల విషయానికొస్తే, రోజుకు వంద చోట్ల ఒకే రెజ్యూమె చల్లడం కంటే అయిదు చోట్ల ఆ ప్రకటనలోని మాటలకు తగ్గట్టు సర్ది పంపడం మేలు. నౌక్రీ సైట్ ప్రొఫైల్‌లో ఏదో ఒక లైను తరచూ మార్చి సేవ్ చేస్తుంటే కొత్తగా అప్‌డేట్ అయినట్టు కనిపిస్తుంది. రెఫరల్ కోసం సీనియర్‌కి ‘అన్నా, ఏమైనా ఓపెనింగ్స్ ఉన్నాయా’ అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే వెతికే పని ఆయన మీద పెట్టారు. కంపెనీ సైట్‌లో జాబ్ ఐడీ మీరే వెతికి, పాసైన ఏడాది, శాతం, గిట్‌హబ్ లింకు, రెజ్యూమె ఒకే మెసేజ్‌లో పెడితే ఆయనకు మిగిలే పని రెండు నిమిషాలు.

ఆఫర్ వచ్చినా జాయినింగ్ తేదీ రావడానికి నెలలు పట్టొచ్చు. ఆ తేదీ రాతపూర్వకంగా చేతికొచ్చేదాకా వెతకడం ఆపకండి. చేరిన మొదటి నెలలో మీ పేరు మీద వచ్చే యూఏఎన్ నంబరు ఒక పుస్తకంలో రాసి పెట్టుకుని, రెండో కంపెనీకి మారినప్పుడు అదే ఇవ్వండి, కొత్తది తెరవనివ్వకండి.