కొలిచి ఇచ్చిన నీళ్లు

కాన్పుకు ముందు నేను చదివిందీ, విన్నదీ, పదిమందిని అడిగి తెలుసుకున్నదీ అంతా నొప్పుల గురించే. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన సంచిని ఎనిమిదో నెలలోనే సర్దిపెట్టుకున్నాను. అందులో పాపకు పన్నెండు జతల బట్టలుంటే నాకు రెండు నైటీలున్నాయి. ప్రసవం తరువాత నా ఒంటికి ఏమవుతుందన్న విషయం మీద నాకెంత ధ్యాస ఉండేదో ఆ సంచిని చూస్తే తెలిసిపోతుంది.

పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక, పాప గుండె కొట్టుకునే వేగం తగ్గుతోందని ఆపరేషన్ చేసి తీశారు. మర్నాడు ఉదయం మూత్రపు గొట్టం తీసేసి, నర్సమ్మ నన్ను లేపి నడవమంది. కుట్లు తెగిపోతాయేమోనని నేను మంచం కోళ్లు పట్టుకుని నిలబడిపోతే, కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందనీ, దగ్గు వచ్చినప్పుడు దిండును పొట్టకు అదిమి పట్టుకోమనీ చెప్పింది. ఆ దిండు ఉపాయం నాకు నెల రోజులు పనికొచ్చింది.

కడుపు కోసి బిడ్డను తీశారు గనుక రక్తస్రావం ఉండదనుకున్నాను. మాయ ఊడిన చోట గర్భసంచి లోపల పుండులాంటిది మిగులుతుందట, అది మానేదాకా ఏ కాన్పైనా స్రావం తప్పదట. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగానే పోయి, తరువాత గోధుమరంగుకు తిరిగి, చివరకు పసుపు కలిసిన తెలుపుగా మారి ఐదో వారానికి ఆగింది. పాపకు పాలు పట్టినప్పుడల్లా పొత్తికడుపులో మెలిపెట్టినట్టుండేది. కాన్పు నాటికి దాదాపు కిలో బరువుండే గర్భసంచి ఆరు వారాల్లో అరవై, డెబ్బై గ్రాములకు చేరాలంటే అలా ముడుచుకోవాల్సిందేనని డాక్టరమ్మ వివరించాక, నొప్పి తగ్గలేదు గాని భయం తగ్గింది.

ఐదో రోజున తెనాలిలో మా అమ్మగారింటికి వచ్చాము. తలుపులూ కిటికీలూ మూసిన గది, సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది, తలకు గుడ్డ, పొద్దున్నే కాయం ముద్ద, మధ్యాహ్నం వేడన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి. మా అమ్మమ్మ చేతిలో బాలింత పథ్యం రాజ్యాంగమంత గట్టిది. ఈ పద్ధతులన్నిటినీ తీసిపారేసే వాళ్లతో నేను ఏకీభవించను. నలభై రోజులు వంటింటి గడప తొక్కనివ్వకుండా, ఇంటికొచ్చిన చుట్టాలకు మర్యాదలు చేయనివ్వకుండా నన్ను కాపాడింది ఆ పథ్యమే. నీళ్లు పోసే ఆవిడ నువ్వుల నూనెతో నడుమూ కాళ్లూ మర్దన చేస్తుంటే నాకు కన్నీళ్లు వచ్చేవి, అంత హాయిగా ఉండేది.

చిక్కంతా మంచినీళ్ల దగ్గర వచ్చింది. వాము వేసి కాచిన నీళ్లను అమ్మమ్మ ఇత్తడి చెంబులో తెచ్చి, పూటకు అరగ్లాసు చొప్పున కొలిచి ఇచ్చేది. "ఎక్కువ తాగితే పొట్ట జారుతుందే అమ్మాయ్, నా మాట విను" అనేది. నాలుక పిడచకట్టుకుపోతున్నా మాట్లాడలేకపోయాను. ముగ్గురు పిల్లలను కని పెంచిన మనిషికి నేనేం చెప్పను? నీళ్లు చాలకపోవడం, దానికి తోడు ఐరన్ మాత్రలు, వెరసి మలబద్ధకం. ముక్కితే కుట్లు విడిపోతాయన్న భయం ఒకటి. మూత్రంలో మంట మొదలైనా, అదీ బాలింతరాలికి మామూలేనన్నారు.

పదకొండో రోజు సాయంత్రం ఉన్నట్టుండి పళ్లు టకటకలాడేంత చలి వచ్చింది. కుడి రొమ్ము ఒక పక్కన తమలపాకంత మేర ఎర్రబడి, రాయిలా గట్టిపడి, చేయి తగిలితే కాలుతోంది. థర్మామీటరులో 102 దాటింది. పాల జ్వరమే, రెండు రోజుల్లో దానంతటదే పోతుందని ఇంట్లో వాళ్లన్నారు. మావారు హైదరాబాదు నుంచి ఫోనులో ఆ రంగు చూసి, మా నాన్నగారిని బతిమాలి ఆ రాత్రే నన్ను ఆసుపత్రికి పంపించారు.

అది రొమ్ము వాపు. పాప చనుమొనను మాత్రమే పట్టుకుని చీకడం వల్ల మొన పగిలింది, ఒక పక్క పాలు పూర్తిగా దిగక నిలిచిపోయాయి, పగిలిన చోటునుంచి క్రిములు చేరాయి. ఆ పక్కన పాలివ్వడం మానేయాలేమోనని అడిగితే, మానేస్తే చీము పట్టే ప్రమాదం ఇంకా పెరుగుతుందని చెప్పి, పాలిచ్చేవాళ్లు వాడదగిన యాంటీబయాటిక్ రాశారు డాక్టరమ్మ. పాప నోరు బాగా తెరుచుకునేదాకా ఆగి, మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోయేలా, గడ్డం రొమ్ముకు ఆనేలా పట్టుకోవడం ఆమే నేర్పారు. ఆ పది నిమిషాల పాఠం నాకు మొదటి రోజునే దొరికి ఉంటే ఈ కథలో సగం ఉండేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

నీళ్ల సంగతి విని ఆమె మా అమ్మను కూర్చోబెట్టుకుని మాట్లాడారు. దాహమైనంత తాగాలి, అంతకు మించి బలవంతంగా తాగితే మాత్రం పాలు పెరగవు. పొట్ట జారడానికీ నీళ్లకూ సంబంధం లేదు. జ్వరం 100.4 దాటినా, గంటకో ప్యాడు తడిసిపోయేంత రక్తం పోయినా, స్రావం దుర్వాసన వేసినా, ఒక కాలి పిక్కే వాచి నొప్పెట్టినా, విపరీతమైన తలనొప్పితో కళ్లు మసకబారినా ఆరు వారాల లోపల మామూలే అనే మాట అనుకోవద్దని చెప్పారు. ఈ చివరిది బీపీ వల్ల కావచ్చట, కాన్పుకు ముందు బీపీ లేనివాళ్లకు కూడా రావచ్చట.

ఒళ్లు కుదుటపడుతున్నా మనసు కుదుటపడలేదు. మూడో రోజున కారణం లేకుండా ఏడుపు వచ్చినప్పుడు, ఇది చాలామందికి వస్తుందని, రెండు వారాల్లో పోతుందని నర్సమ్మ ముందే చెప్పింది. నాకు నాలుగో వారంలోనూ పోలేదు. రాత్రి మూడు గంటలకు పాప ఆదమరిచి నిద్రపోతుంటే, నేను మంచం మీద కూర్చుని ఫ్యాను తిరిగేటప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుళ్లను లెక్కపెట్టేదాన్ని. పాప మీద కోపమూ లేదు, ప్రేమా తెలియడం లేదు. బాలింత ఏడిస్తే కళ్లు దెబ్బతింటాయని ఇంట్లో అనేవారు గనుక ఏడుపును స్నానాల గదికి వాయిదా వేసుకునేదాన్ని.

ఆరు వారాలకు చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. కాన్పు తరువాత వచ్చే డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987లో ఎడిన్‌బరోలో తయారైన పట్టిక అది. గడచిన ఏడు రోజుల్లో మనం ఎలా ఉన్నామో అడుగుతుంది. పదో ప్రశ్న, నాకు నేను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. "అరుదుగా" అన్న జవాబు దగ్గర గీత పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎంత ఎక్కువ వస్తే అంత దిగులున్నట్టు; మొత్తం 30కి నాకు 16 వచ్చింది. ఆమె వెంటనే మానసిక వైద్యురాలికి ఫోన్ చేశారు, ఇంటికి వెళ్లేముందే ఆవిడతో మాట్లాడించారు. అర్ధరాత్రి మనసు అదుపు తప్పితే 14416కి ఫోన్ చేయమని ఇద్దరూ చెప్పారు. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు.

పాలిస్తున్నా వాడగలిగిన మందు, వారానికోసారి కౌన్సెలింగ్, ఇవి ఒక ఎత్తు. రాత్రి పదకొండు నుంచి మూడు వరకు పాపను మావారు చూసుకోవడం మరో ఎత్తు. ఆయనకు ఆఫీసులో దొరికింది ఐదు రోజుల సెలవు. నాకు చట్ట ప్రకారం 26 వారాలు. అందుకని ఆయన ఇంటి నుంచి పని చేసే ఏర్పాటు చేసుకుని తెనాలి వచ్చేశారు, నేను పిండి పెట్టిన పాలు రాత్రిపూట ఆయనే పట్టేవారు. అల్లుడు పాలు పట్టడమేమిటని అమ్మమ్మ రెండు రోజులు ముఖం ముడుచుకుంది. మూడో రోజు తెల్లవారుజామున ఆయనకు కాఫీ కలిపి తెచ్చింది. వరుసగా నాలుగు గంటలు నిద్రపోయిన మొదటి రాత్రి తరువాత, పొద్దున పాప వేళ్లను చూసి అవి మా నాన్నగారి వేళ్లలా ఉన్నాయని నాకు తోచింది. అలాంటిది తోచి చాలా రోజులైంది.

నాలుగో నెలలో జుట్టు దువ్వెనకు గుప్పెళ్లుగా ఊడి, ఏడాది నిండేలోపు మళ్లీ మొలిచింది. మందు మానింది పాప తొమ్మిదో నెలలో, అదీ డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ. పాపకిప్పుడు పద్నాలుగు నెలలు. కుట్టుకు పైన రెండు వేళ్ల మేర చర్మానికి ఇంకా స్పర్శ రాలేదు. పాప నా పొట్ట మీద ఎక్కి కూర్చుని అక్కడ గిల్లితే, గిల్లుతున్నట్టు చూసి తెలుసుకోవలసిందే.