తులం బరువు రూపాయిల్లో అసలు వెండి ఏదో ఇంట్లోనే తేల్చాను

నిన్న రాత్రికి పని పూర్తయింది. అమ్మమ్మ డబ్బాలోని రూపాయి బిళ్లల్లో వెండివి, సగం వెండివి, నికెల్‌వి వేరుచేసి మూడు పొట్లాలు కట్టాను. మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంటే కొట్టుకు పట్టుకెళ్లే ముందు ఇది చదవండి.

చిల్లర ఏరడం తేలిక. పట్టుకుంటే బరువే తెలియనివి అల్యూమినియం పైసలు, పక్కన పెట్టేయండి. తర్వాత అయస్కాంతం. 1947 నాటి పులిబొమ్మ రూపాయి, 1950 నాటి సింహాల రూపాయి టక్కున అతుక్కుంటాయి, రెండూ నికెల్. 1992 నుంచి వచ్చిన చిన్న స్టీలు రూపాయీ అతుక్కుంటుంది. 1975లో మొదలైన రాగి-నికెల్ రూపాయి అతుక్కోదు, దాంట్లో ముప్పావు వంతు రాగే. వెండీ అతుక్కోదు. అందుకని అయస్కాంతానికి అంటనిదల్లా వెండి అనుకోకండి.

అసలు చిక్కు తూకంతో వచ్చింది. ఇంగ్లీషువాళ్ల కాలంలో రూపాయిని సరిగ్గా తులం ఎత్తున, అంటే 11.66 గ్రాములతో కొట్టేవారు. ఐదో జార్జి బొమ్మ ఉన్నదాంట్లో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. యుద్ధం వచ్చాక, 1940 నుంచి, వెండిని సగానికి కోసేశారు. మిగతా సగంలో 40 పాళ్లు రాగి, ఐదేసి పాళ్లు నికెల్, జింకు. 1947లో వెండి పూర్తిగా పోయింది. బిళ్ల బరువు మాత్రం మూడింటికీ అదే. కాటా మీద పెడితే ఏదీ బయటపడదు.

అందుకే తెలిసినవాళ్లు చెప్పిన వెండి కొట్టుకు వెళ్లాను. కొట్టాయన డబ్బాలో పైనున్న 1944 బిళ్ల తీసి, గీటురాయి మీద రుద్ది, యాసిడ్ చుక్క వేశాడు. గీత ఆకుపచ్చగా మారింది, రాగి ఉందని గుర్తు. "అమ్మా, ఇవన్నీ కల్తీ బిళ్లలు. మీ పెద్దవాళ్లకి ఎవరో అంటగట్టారు" అన్నాడు, కొట్లో ఉన్న నలుగురూ వినేలా. నేను నోరు తెరిచేలోపే 1918 బిళ్ల అంచుని ఆకురాయితో గీకేశాడు. అడగలేదు, చెప్పలేదు. వందేళ్లు ఒక్క గీత లేకుండా ఉన్న అంచు మీద ఇప్పుడు తళతళలాడే గాటు. ఆపైన "తరుగు తీసేసి మొత్తం కలిపి తీసుకుంటాలెండి" అన్నాడు. కల్తీ అయితే ఎందుకు తీసుకుంటానంటున్నట్టు? డబ్బా మూతపెట్టి వచ్చేశాను. అమ్మమ్మని మోసపోయిన మనిషిని చేసి మాట్లాడాడే, అది దారంతా మింగుడుపడలేదు.

ఇక నీళ్ల పరీక్ష. గ్రాములో వందో వంతు చూపించే చిన్న కాటా కావాలి. ముందు బిళ్లని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేయండి. బిళ్లకి సన్నటి దారం కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు కాటా చూపించే అంకెతో పొడి బరువుని భాగించండి. బిళ్ల అంతే పరిమాణం నీళ్లకంటే ఎన్ని రెట్లు బరువో వస్తుంది, వెండి ఎక్కువైన కొద్దీ ఆ అంకె పెరుగుతుంది. 1918 బిళ్ల అరిగి 11.52 ఉంది, నీళ్లలో 1.12 చూపించింది. భాగిస్తే 10.3 దగ్గర, మంచి వెండి. 1944ది 11.61, నీళ్లలో 1.22. భాగిస్తే 9.5, సగం వెండికి సరిగ్గా రావలసిన లెక్క. అంటే అది కల్తీ కాదు, సర్కారు కొట్టించిందే అలాగ! నికెల్ 8.9 దగ్గర వస్తుంది. జర్మన్ సిల్వర్‌తో (పేరుకే సిల్వర్, నిజానికి రాగి, నికెల్, జింకుల మిశ్రమం) పోసిన నకిలీలు ఇంకా కిందికి, 8.7 లోపే ఉంటాయి.

బిళ్ల మీద గాలిబుడగలు అంటుకుంటే అంకె మారిపోతుంది. నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేస్తే బుడగలు నిలవవు. మీ కాటా పదో వంతు వరకే చూపిస్తే, ఒకే రకం బిళ్లలు పది కలిపి వేలాడదీయండి. పదింటికి మంచి వెండైతే 11.3, సగం వెండైతే 12.2 వస్తుంది, తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

మోగించి చూడమని చాలామంది చెబుతారు. వెండి ఎక్కువసేపు మోగే మాట నిజమే, కానీ అంచు పగిలిన మంచి బిళ్ల కూడా మొద్దుగా పలుకుతుంది. ఐసుముక్క కరిగించే పరీక్షనీ నమ్మను, రాగి మీదా ఇంచుమించు అంతే జోరుగా కరుగుతుంది.

పాత నాణేల పేరు చెప్పి మనవాళ్లని ముంచేవాళ్లు ఊరూరా ఉన్నారు. బియ్యాన్ని లాగే రాగినాణెమని రైస్ పుల్లింగ్ పేరుతో లక్షలు గుంజుతున్నారు, చదువుకున్నవాళ్లే పడిపోతున్నారు. రాగి బియ్యాన్ని లాగడమేమిటి? అలాగే ఈస్టిండియా కంపెనీ రాముడి పట్టాభిషేకం నాణెమని 1818 వేసి అమ్మేది కంపెనీ ఎన్నడూ కొట్టింది కాదు. ఎవరైనా తెస్తే దండం పెట్టి పంపేయండి.

బిళ్లల్ని చింతపండుతో తోమకండి. నల్లటి పొర పోతే సేకరించేవాళ్ల దగ్గర విలువ పడిపోతుంది, మెరుపు వచ్చినంత మాత్రాన వెండి పెరగదు. కొట్టుకు వెళ్లక తప్పకపోతే ఒక్క బిళ్లే తీసుకెళ్లండి, ఆకురాయి తీయకముందే వద్దని చెప్పండి.