వెనక వైపు చూడందే కొనను

పాత సైనిక పతకాలు పోగేస్తుంటే మా ఇంట్లో "మళ్లీ పాత ఇనుము తెచ్చావా" అంటారు. ఇనుము కాదండీ, మొన్న దొరికినదైతే రాగి, జింకు కలిసిన లోహం!

హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో దొరికిన ఆ పతకం పేరు బర్మా స్టార్. 1941 డిసెంబర్ నుంచి 1945 సెప్టెంబర్ దాకా బర్మా పోరులో పనిచేసినవాళ్లకు ఇచ్చిన ఆరు కోణాల నక్షత్రం. ముందు వైపు అన్నీ ఒకేలా ఉంటాయి, అసలు కథ వెనక వైపే. బ్రిటిష్ సైనికులకు ఖర్చు ఎక్కువని పేర్లు వేయకుండానే ఇచ్చారు. మన సైనికుల పతకాల మీద మాత్రం నంబరు, పేరు, దళం కనిపిస్తాయి.

దీని మీద అక్షరాలు సగం అరిగాయి. ఎవరో చింతపండుతో ఇత్తడి చెంబులా తోమేశారు. అమ్మేవాడికి ఆ తళతళే గొప్ప, నాకైతే ప్రాణం ఉసూరుమంది. దయచేసి పతకాలు తోమకండి!

చివర దళం పేరులో 'మద్రాస్' అన్న ముక్క తెలుస్తోంది. అప్పట్లో మన కోస్తా కూడా మద్రాస్ ప్రెసిడెన్సీలోదే కదా. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం గుర్తొచ్చింది. ఆ ఊరివాడిదే అనలేను, కానీ ఆశ ఊరుకోదుగా. రాత్రి టార్చి వాలుగా వేసి చూస్తే నంబరులో కొన్ని అంకెలు తేలాయి. మిగతావి రేపు.