చేయి తిరగడమంటే అక్షరాలా తిరగడమే

మన బరంపురం వైపు హార్మోనియం వినే చెవులకు కొదవ లేదు. ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుడి పాట దగ్గర నుంచి వీధి చివర మందిరంలో భజన దాకా ఆ పెట్టె లేనిదే పని జరగదు. అందుకే యూట్యూబులో పియానో విద్వాంసుల చేతులు కనిపించినా మనం హార్మోనియం కళ్లతోనే చూస్తాం. వేళ్లు ఎంత జోరుగా పరిగెడుతున్నాయి, ఎంత పొడుగున్నాయి అనే లెక్కలు వేస్తాం. పియానో దగ్గర ఆ రెండూ చిన్న సంగతులే.

హార్మోనియం మెట్టు నొక్కితే లోపల ఒక చిన్న తలుపు తెరుచుకుంటుంది, అంతే. మెల్లగా నొక్కినా గుద్దినా వచ్చే శబ్దం ఒకటే. పెంచడం తగ్గించడం అంతా తిత్తి ఆడించే ఎడమచేతి పని. పియానోకు తిత్తి లేదు. దాని మెట్టు దిగేది దాదాపు 10 మిల్లీమీటర్లు. ఆ కాస్త దూరంలోనే లోపల ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) అతికించిన సుత్తి నాలుగున్నర సెంటీమీటర్ల దాకా లేస్తుంది. తీగ ఇంకా రెండు మిల్లీమీటర్లు ఉందనగా మెట్టుకీ సుత్తికీ లంకె తెగిపోతుంది. మిగతా దూరం సుత్తి తనంతట తాను ఎగిరి, తీగను కొట్టి, వెనక్కి పడుతుంది.

పట్టు మగ్గం ఎరిగినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పేకనూలు మోసే నాడె ఒకసారి బయలుదేరాక దాని దారి దానిదే. విసురు చాలకపోతే పడుగు మధ్యలో ఆగుతుంది, మించితే అవతలి అంచుకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. వదిలేశాక చేయి ఎంత బిగిస్తే మాత్రం నాడెకు ఏం తెలుస్తుంది? పియానో సుత్తీ అంతే. మెట్టు అడుగుకు తగిలాక ఇంకా అదుముతూ కూర్చుంటే శబ్దం వీసమెత్తు పెరగదు, మణికట్టు మాత్రం బిగుసుకుంటుంది. హార్మోనియం నుంచి వచ్చినవాళ్లకు మొదట పట్టుకునే జబ్బు ఇదే.

కాబట్టి మంచి వాద్యకారుడి చేయి చూసేటప్పుడు కొట్టే క్షణం కన్నా కొట్టిన తర్వాతి క్షణం చూడాలి. మెట్టు దిగాలంటే సుమారు 50 గ్రాముల బరువు చాలు. దిగినదాన్ని కిందే ఉంచడానికి వేలి బరువుకు కాస్త చేయి తోడైతే సరిపోతుంది. గొప్పవాళ్ల చేయి శబ్దం పుట్టగానే మెత్తబడిపోతుంది, మణికట్టు కొద్దిగా లేస్తుంది. బాగా చిన్న శబ్దాలు ఇంకా కష్టం. మెట్టును మరీ నెమ్మదిగా దించితే సుత్తి తీగదాకా వెళ్లదు, స్వరమే పలకదు. అందుకే మెల్లని భాగాల్లో వాళ్ల వేళ్లు మెట్లకు ముందే ఆని ఉంటాయి. గాలిలోంచి వచ్చి పడవు.

ఇక వేళ్ల సంగతి. అరచేతిని బల్ల మీద బోర్లించండి. మధ్యవేలిని మడిచి అరచేతి కిందికి తోసి, మిగతావి చాపి ఉంచండి. ఇప్పుడు ఒక్కో వేలూ ఎత్తి చూడండి. బొటనవేలు లేస్తుంది, చూపుడువేలు లేస్తుంది, చిటికెనవేలూ లేస్తుంది. ఉంగరపువేలు మాత్రం బల్లకు జిగురు పెట్టి అంటించినట్టు ఉండిపోతుంది. వేళ్లను ఎత్తే కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి తాళ్లలాంటి స్నాయువులు చేతి వెనక మీదుగా వేళ్లలోకి వస్తాయి. చూపుడువేలికీ చిటికెనవేలికీ అందరికీ ఉన్న తాడు కాకుండా సొంతానికి ఇంకోటి ఉంది. ఉంగరపువేలికి ఆ భాగ్యం లేదు సరికదా, దాని తాడుకు పక్క తాళ్లతో అడ్డుకట్లు కూడా ఉన్నాయి. పక్కవేలు కదలకపోతే తానూ కదలలేదు.

దీన్ని కసరత్తుతో లొంగదీద్దామని చూసినవాళ్లు ఉన్నారు. స్వరకర్త రాబర్ట్ షూమన్ అందుకు ఒక పరికరం కూడా పెట్టుకున్నాడు. 1830ల మొదట్లోనే కుడిచేయి చెడి, వాద్యకారుడు కావాలన్న ఆశ వదులుకున్నాడు. మరో స్వరకర్త షోపాన్ దారి వేరు. ఏ వేలి గుణం దానికి ఉండనిచ్చి, దానికి తగిన పని ఇవ్వమన్నాడు. శిష్యులకు చేతి ఉనికి నేర్పడానికి ఆయన ఎంచుకున్న చోటు హార్మోనియం మీద కూడా దొరుకుతుంది. మూడో తెల్లమెట్టు మీద బొటనవేలు, ఆ పై మూడు నల్లమెట్ల మీద మధ్యలోని మూడు వేళ్లు, ఏడో తెల్లమెట్టు మీద చిటికెనవేలు పెట్టండి. పొడుగు వేళ్లకు ఎత్తుగా ఉన్న నల్లమెట్లు, పొట్టి వేళ్లకు కింద ఉన్న తెల్లమెట్లు. చేయి దానంతట అదే గుండ్రంగా కుదురుకుంటుంది. ఒకటో మెట్టు నుంచి అన్నీ తెల్లవాటి మీద వాయించడమే కష్టమని ఆయన దాన్ని చివరికి పెట్టాడు. మనం అందరికీ మొదట నేర్పేది అదే!

అదే షోపాన్ సాధన కోసం రాసిన ఓపస్ 10 సంపుటిలోని రెండో ఎట్యూడ్‌లో బలహీనమైన మధ్య, ఉంగరపు, చిటికెనవేళ్ల చేతనే పరుగంతా తీయించాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్యమధ్యలో కింద స్వరాలు చిలకరిస్తుంటాయి. ఇందులో దెబ్బతినేది సాధారణంగా పైవేళ్ల వల్ల కాదు, ఈ కింది రెండింటి వల్ల. అవి మెట్టును కాస్త ఎక్కువసేపు పట్టుకుంటే చాలు, అరచేయి బిగుస్తుంది, ఒక పుట దాటేసరికి ముంజేయి మండిపోతుంది. బాగా వాయించేవాళ్లు ఆ స్వరాలను అంటీ అంటనట్టు తాకి వదిలేస్తారు.

ఉంగరపువేలు లేవకపోతే మరి స్వరం ఎలా పలుకుతుంది? ముంజేయి తిప్పి. తాళంచెవి తిప్పినట్టు ముంజేయి చిటికెనవేలి వైపు కొద్దిగా ఒరిగితే ఉంగరపువేలు తన చేవతో కాకుండా చేతి బరువుతో దిగుతుంది. పనితనం గలవాడిని మనం చేయి తిరిగినవాడు అంటాం. పియానో దగ్గర అది అక్షరాలా నిజం. వీడియోను పావు వేగానికి తగ్గించి, శబ్దం ఆపేసి, వేళ్లను వదిలి మణికట్టు పైభాగం చూడండి. రెండు స్వరాలను గబగబా మార్చి మార్చి పలికించేచోట అది అటూ ఇటూ సన్నగా ఊగుతుంటుంది.

బొటనవేలిని మిగతా వేళ్ల కిందుగా దాటించడమూ ఇలాంటిదే. ఒకటి రెండు మూడు, మళ్లీ ఒకటి రెండు మూడు నాలుగు ఐదు అని వేళ్ల వరస. బొటనవేలు కిందికి దూరేటప్పుడు మోచేయి బయటికి ఎగిరితే ఆ స్వరం ఠక్కున మోగి వరస కుంటుతుంది. నిదానంలో దాటించవచ్చు గానీ, జోరులో గొప్పవాళ్లు అసలు దాటించరు. చేయి మొత్తం పక్కకు జరుగుతుంది, బొటనవేలు కొత్త చోట దిగుతుంది, అంతే.

చేయి పెద్దదైతే లాభమా అంటే, కొంత. పియానో తెల్లమెట్టు వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, అంటే జానెడు చేతికి పది మెట్లు. రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ చేయి పన్నెండు అందుకునేది. ఆయన తన మూడో కాన్చెర్టోను (పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసే రచన) అంకితమిచ్చిన విద్వాంసుడు యోసెఫ్ హాఫ్‌మన్ చేతులు చిన్నవి, పియానోలు తయారుచేసే స్టైన్‌వే వాళ్లు ఆయనకు మెట్లు కొద్దిగా సన్నం చేసి ఇచ్చేవాళ్లు. హాఫ్‌మన్ ఆ కాన్చెర్టోను ఎప్పుడూ వాయించలేదు. ఐదడుగులు కూడా లేని అలీసియా దె లరోచా మాత్రం వాయించి రికార్డు చేసింది.

భంగిమ చూసి తప్పుపట్టడం కూడా తొందరపాటే. హొరోవిట్జ్ వేళ్లు చాపేసి, కుడి చిటికెనవేలు చుట్టి పెట్టుకునేవాడు. దాని పని పడగానే అది పాము పడగలా విచ్చుకునేది. గ్లెన్ గూల్డ్ నేలకు 14 అంగుళాల ఎత్తులో, తండ్రి చేసిచ్చిన కుర్చీలో ముక్కు మెట్లకు తగిలేలా కూర్చునేవాడు. అంత కింద కూర్చుంటే భుజం బరువు దిగదు, వేళ్లే పనిచేయాలి. బాఖ్ రచనలు వాయించడానికి అది కుదిరింది గానీ, రఖ్మానినోవ్ రచనలు అలా వాయించబోతే చేయి పడిపోతుంది.

మన దగ్గర నేర్చుకునేవాళ్లకు ఎక్కువగా దొరికేవి 61 మెట్ల తేలిక కీబోర్డులు. గజపతి జిల్లా చర్చిల్లోనూ అవే. వాటి మెట్లకు బరువు ఉండదు, కాబట్టి పైన చెప్పిన వదలడం వాటి మీద తెలియదు. కనీసం టచ్ అనే మీట ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అది కరెంటు హార్మోనియమే. అసలు పియానో దొరికితే, గోపాలపురం గాలి తగిలే చోట దానికో పరీక్ష. మెట్టును మెల్లగా నొక్కి వదలండి. బద్ధకంగా లేస్తే చెమ్మకు లోపలి చెక్కా ఫెల్టూ ఉబ్బినట్టు, మీ వేలి తప్పు కాదు.

చేతులు చెడే తీరు కూడా ఒకటి కాదు. 1964లో పియానో విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్ కుడిచేతి చివరి రెండు వేళ్లు వాటంతటవే ముడుచుకుపోవడం మొదలైంది. కండరం దెబ్బతినలేదు, మెదడు ఇచ్చే ఆజ్ఞ గాడి తప్పింది. ఇలాంటిది సాధన పెంచితే తగ్గదు. ఆయన ముప్ఫై ఏళ్లు ఎడమచేతి రచనలే ఎక్కువగా వాయించి, 1990లలో బొటాక్స్ సూదుల సాయంతో కుడిచేయి తిరిగి పట్టాడు.

ఎడమచేతి రచనల్లో పేరున్నది ఫ్రెంచి స్వరకర్త రవేల్ రాసిన కాన్చెర్టో. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న పాల్ విట్‌గెన్‌స్టైన్ అడిగి రాయించుకున్నాడు, 1932 జనవరి 5న వియన్నాలో మొదట వాయించాడు. ఒక్కచేత్తో స్వరాలు పలికించడం మన హార్మోనియం వాళ్లకు కొత్తేమీ కాదు గానీ, ఇందులో తమాషా వేరు. ఎడమచేతిలో పైస్వరాల వైపు ఉండేది బొటనవేలు, కాబట్టి పాట దానిదే. కింద గంభీరమైన స్వరాన్ని చిటికెనవేలు తాకి, కాలితో తొక్కే పెడల్ దాన్ని పట్టుకోగానే చేయి పైకి దూకుతుంది. ఆ పెడల్ రవ్వంత ముందే లేస్తే కింది స్వరం తెగిపోతుంది, ఒక్క చేయే ఉందన్న గుట్టు బయటపడుతుంది.