కౌంటర్లో నల్ల బ్యాడ్జీ

తెలంగాణ ఇస్తామని 2013 జులై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానించాక విజయనగరంలో ఏ ఆఫీసుకెళ్లినా నల్ల బ్యాడ్జీలే. ఆగస్టులో ఎన్జీవోల (నాన్ గెజిటెడ్ ప్రభుత్వోద్యోగుల) సమ్మె, అక్టోబరుకి ఊళ్లో కర్ఫ్యూ. నేనప్పుడు బ్యాంకులో క్యాష్ చూసేవాణ్ణి. నాదీ సమైక్యవాదమే.

పక్క కౌంటర్లో కరీంనగర్ అమ్మాయి. బ్యాడ్జీలు పంచుతున్నాయన నల్ల రిబ్బను ముక్కా, గుండుసూదీ ఆమె ముందు కూడా పెట్టాడు. ఆమె వాటిని పక్కకి జరిపి, తలొంచుకుని వోచర్లు రాసుకుంటోంది. "పెట్టుకోకపోతే బాగోదమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆవిణ్ణి వదిలేయండి సార్. బలవంతంగా గుచ్చితే అది నిరసనెలా అవుతుంది?" అన్నాను. ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడ్డం మానేశారు. మానేయనీ.

ఆ వారమే పింఛను కోసం వచ్చిన ఓ ముసలమ్మ నా జేబు వంక చూసి, "ఏటి బావూ, మీ ఇంట్లో ఎవులైనా పోనారేటి?" అంది. రాష్ట్రం విడగొడతన్నారమ్మా అని చెప్పా. "అయితే నా పింఛనాగిపోద్దేటి?" అని కంగారుపడిపోయింది. వేలిముద్ర వేస్తుంటే చెయ్యి వణికింది. ఆగదని ఆవిడకి నచ్చజెప్పేసరికి వెనక క్యూ పెరిగిపోయింది.

అప్పట్నించి కౌంటర్లో బ్యాడ్జీ తీసేసి, సాయంత్రం కోట దగ్గర ర్యాలీల్లో పెట్టుకునేవాణ్ణి. ఆఫీసువాళ్లు పెట్టుకోమనకూడదు, తియ్యమనకూడదు. ఆ నిర్ణయం మనిషిదే.

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు పాసయింది. నాకు చాలా కష్టమనిపించింది. ఆ అమ్మాయికి మాత్రం అభినందనలు చెప్పాను.