సెకోటో గీసిన మూడు పేటలు

జెరార్డ్ సెకోటో పేరు మన దగ్గర పెద్దగా వినపడదు. దక్షిణాఫ్రికా చిత్రకారుడు, 1913లో పుట్టాడు. టీచర్ ట్రైనింగ్ చేసి కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పి, పాతికేళ్ల వయసులో ఆ ఉద్యోగం వదిలేసి, ఇక బొమ్మలే గీస్తానని జోహానెస్‌బర్గ్ వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే పేట సోఫియాటౌన్‌లో బంధువుల ఇంట్లో దిగాడు. మొదట్లో బ్రౌన్ పేపర్ మీద పోస్టర్ కలర్లే.

చుట్టూ కనిపించే జనాన్నే గీశాడు: పేకాడేవాళ్లు, చర్చిలో ప్రార్థన చేసేవాళ్లు, వీధిలో నడిచిపోయే ఆడవాళ్లు. 1940లో 'పసుపు ఇళ్లు' అనే ఆయన బొమ్మని జోహానెస్‌బర్గ్ ఆర్ట్ గ్యాలరీ కొంది. ఆ గ్యాలరీ ఒక నల్లజాతి చిత్రకారుడి బొమ్మ కొనడం అదే మొదటిసారి.

1942లో కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్‌కి, 1945లో ప్రిటోరియా దగ్గర ఈస్ట్‌వుడ్‌కి మారాడు. నన్ను వదలని విషయం ఏంటంటే, ఆయన ఉండి గీసిన ఈ మూడు పేటల్నీ తర్వాత ప్రభుత్వం ఖాళీ చేయించింది. 1955లో సోఫియాటౌన్‌లో పోలీసుల్ని దింపి, సామాన్లతో సహా జనాన్ని లారీల్లో ఊరికి దూరంగా ఉన్న మెడోలాండ్స్‌కి తరలించి, ఇళ్లు కూలగొట్టి, అక్కడ తెల్లవాళ్ల కాలనీ కట్టి దానికి 'ట్రయంఫ్' అని, అంటే విజయం అని పేరు పెట్టారు. పాత పేరు తిరిగి రావడానికి 2006 దాకా పట్టింది.

ఈస్ట్‌వుడ్‌లో ఉన్నప్పుడు గీసిన 'గునపాల పాట' ఆయన బొమ్మల్లో నాకు అన్నిటికన్నా ఇష్టం. వరసగా నిలబడ్డ కూలీలు, అందరి చేతులూ ఒకేసారి పైకి లేచి, గునపాలన్నీ ఒకే వాలులో. ఓ పక్క తెల్ల మేస్త్రీ, నోట్లో పైపు, జేబుల్లో చేతులు, బక్కపలచగా. అంతమంది బలం ముందు అతను ఎంత చిన్నగా ఉన్నాడో చూస్తే చాలు, ఎవరి పక్షాన నిలబడి గీశాడో తెలిసిపోతుంది.

1947లో, వర్ణవివక్ష ప్రభుత్వం రావడానికి కొద్ది నెలల ముందు, పారిస్ వెళ్లాడు. చేతిలో డబ్బుల్లేక రాత్రుళ్లు బార్‌లో పియానో వాయించి పొట్టపోసుకున్నాడు. 1949లో మానసిక ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. 1966లో సెనెగల్ వెళ్లి కొంతకాలం ఉండి వచ్చాడు కానీ సొంత దేశానికి మాత్రం మళ్లీ వెళ్లలేదు. 1993 మార్చిలో పారిస్ దగ్గరే పోయాడు, నల్లవాళ్లందరూ మొదటిసారి ఓటేసిన ఎన్నికలకు ఏడాది ముందు.

పారిస్ వెళ్లాక బొమ్మల్లో పస తగ్గిందని చాలామంది విమర్శకులు అంటారు. నేను ఒప్పుకోను. రోజూ కళ్లెదుట కనిపించే వీధిని గీయడం వేరు, ఏళ్ల తరబడి చూడని మనుషుల్ని గుర్తు తెచ్చుకుని గీయడం వేరు, ఆ రెంటినీ ఒకే తూకంలో పెట్టడం న్యాయం కాదు. 1977లో వర్ణవివక్ష మీద పోరాడిన నల్లజాతి నాయకుడు స్టీవ్ బికో పోలీస్ కస్టడీలో చనిపోతే, దేశం వదిలి ముప్పై ఏళ్లయినా, బికో కోసం బొమ్మ గీసిన మనిషి ఆయన.